షరతులు చెప్పి పనిలో చేరిన నర్సు – ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితము

బళ్లారి, సిరుగుప్ప, గుంతకల్లు, ఆదోని ప్రాంతాల నుండి నర్సింగు చదివిన మన పిల్లలు బెంగళూరుకు, హైదరాబాదుకు, ఇంకా దూర దేశాలకు వెళుతూనే ఉన్నారు. ఐ.సి.యు.లో రెండు మూడేళ్లు పనిచేసిన వారికైతే ఒకేసారి రెండు ఆసుపత్రులు పిలుపు పంపడము కూడా కద్దు. అప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచిస్తారు. జీతము ఎంత? హాస్టలు ఉన్నదా? దగ్గరలో మన తెలుగు సంఘము ఉన్నదా? ఇవి అడగవలసిన ప్రశ్నలే. కాని వీటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ ఆసుపత్రిలో మంచి నర్సు మంచి పని చేయగలదా?

ఈ ప్రశ్నను నర్సింగు చరిత్రలో అందరికంటె గట్టిగా అడిగిన స్త్రీ ఫ్లారెన్స్ నైటింగేల్. దీపము పట్టుకొని రాత్రిళ్లు రోగుల మధ్య తిరిగిన తల్లిగా ఆమె మనకందరికీ తెలుసు. ఏటా మే 12న ఆమె పుట్టిన రోజునే నర్సుల దినముగా జరుపుకుంటున్నాము. అయితే ఆ దీపము వెనుక లెక్కల పుస్తకము ఒకటి ఉన్నది. ఏ ఆసుపత్రిలో చేరాలి, ఏ షరతుల మీద చేరాలి అన్న విషయములో ఆమె చూపిన పట్టుదల ఉన్నది. ఆ భాగము మన పిల్లలకు తెలియాలి.

పిలుపు – ఇంటివారి అడ్డు

ఫ్లారెన్స్ 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లారెన్సు పట్టణములో పుట్టింది. ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లాండులో గొప్ప ధనవంతులు. ఎండకాలానికి ఒక బంగళా, చలికాలానికి ఒక బంగళా ఉన్న కుటుంబము. తండ్రి విలియం నైటింగేల్ కుమార్తెలిద్దరికీ తానే గ్రీకు, లాటిను, చరిత్ర నేర్పాడు. ఫ్లారెన్స్‌కు లెక్కలంటే ప్రాణము.

1837 ఫిబ్రవరి 7న, పదహారేళ్ల వయస్సులో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె నమ్మింది. ఏ సేవకో అప్పటికి తెలియలేదు. చుట్టుపట్ల పేదల గుడిసెలలో రోగులను చూస్తూ ఉండగా అది నర్సింగు పని అని కొన్నేళ్లకు తేలింది.

1845లో ఆమె మొదటిసారి ఒక ఆసుపత్రిని ఎంచుకుంది. తమ ఇంటికి దూరము కాని సాల్స్‌బరీ ఆసుపత్రి అది. అక్కడి పెద్ద వైద్యుడు కుటుంబానికి స్నేహితుడు. మూడు నెలలు అక్కడ పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగింది. తల్లి, అక్క హడలిపోయారు. ఆ రోజుల్లో ఆసుపత్రి నర్సులంటే తాగుబోతులు, నడవడి లేనివారు అన్న పేరు ఉండేది. మర్యాదగల ఇంటి పిల్ల ఆ గడప తొక్కడమేమిటని ఇల్లు ఏకమై వద్దన్నది. ఆ ప్రయత్నము అక్కడితో ఆగిపోయింది.

మన ఇండ్లలో కూడ పిల్ల దూరపు ఊరికి పోతానంటే పెద్దలు భయపడతారు. ఆ భయములో ప్రేమ ఉన్నది, కాదనలేము. ఫ్లారెన్స్ ఆ అడ్డును ఎలా దాటిందో చూడండి. ఆమె ఇల్లు విడిచి పారిపోలేదు, అలిగి కూర్చోలేదు. తెల్లవారకముందే లేచి ప్రభుత్వ ఆరోగ్య నివేదికలు చదివేది. విదేశ ప్రయాణాలకు తీసుకువెళితే అక్కడి ఆసుపత్రులు చూసి వ్రాసుకునేది. ఏ ఆసుపత్రిలో ఎన్ని మంచాలు, ఎందరు నర్సులు, పని ఏ విధముగా పంచుకుంటారు అన్న వివరాలన్నీ పోగుచేసేది. పేరున్న వరుడు ఎన్నో ఏండ్లు ఎదురుచూసినా 1849లో పెండ్లి వద్దన్నది.

నేర్చుకొనుటకు ఒక చోటు

1850లో ఐగుప్తు ప్రయాణము నుండి తిరిగి వస్తూ జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే ఊరిలో ఆగింది. అక్కడ పాస్టరు ఫ్లీడ్నరు, ఆయన భార్య నడిపే ఆసుపత్రిలో పరిచారికలు శిక్షణ పొందేవారు. మరుసటి సంవత్సరము, అంటే 1851లో, తిరిగి వెళ్లి మూడు నెలలు ఉండి పని నేర్చుకుంది. అక్కడి వారి భక్తి, క్రమశిక్షణ ఆమెకు ఎంతో నచ్చినవి. కాని శుభ్రత విషయములో, నర్సింగు విషయములో ఆ చోటు అంత బాగా లేదని ఆ తరువాత తెలియజేసింది. భక్తిగల వారు నడిపే ఆసుపత్రి కదా అని కళ్లు మూసుకోలేదు. మంచిని మంచిగా, లోపాన్ని లోపముగా చూసింది.

ఇది మనము గమనించవలసిన విషయము. మిషను ఆసుపత్రులలో నర్సింగు నేర్చిన తరము మన బాప్తిస్టు సంఘాలలో ఉన్నది. నెల్లూరు, ఒంగోలు, పిఠాపురము పేర్లు వింటే మన పెద్దల ముఖాలు వెలుగుతాయి. ఆ గౌరవము ఉండవలసిందే. అయితే క్రైస్తవ నామము ఉన్నంత మాత్రాన ఒక ఆసుపత్రి ఐ.సి.యు. బాగున్నట్లు కాదు, పెద్ద కార్పొరేటు పేరు ఉన్నంత మాత్రాన కూడ కాదు. దేనికదే చూసుకోవాలి.

హార్లీ వీధిలో పెట్టిన షరతులు

1853లో ఆమెకు మొదటి ఉద్యోగము వచ్చింది. లండనులో పేదరికములో పడిన మర్యాదస్తులైన స్త్రీల కొరకు నడిచే ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలు కావాలన్నారు. ఆ ఆసుపత్రిని హార్లీ వీధిలోని కొత్త ఇంటికి మార్చుచున్న సమయమది. జీతము లేదు. తండ్రి సంవత్సరానికి 500 పౌండ్లు ఇచ్చుటకు ఒప్పుకున్నాడు.

ఎన్నో ఏండ్లు తపించిన పని చేతికి వచ్చినప్పుడు ఎవరైనా వెంటనే సరేనంటారు. ఆమె అనలేదు. అప్పుడు పారిస్‌లో ఉండి అక్కడి ఆసుపత్రులు చూస్తూ, లండనులోని కమిటీ వారికి ఉత్తరాలు వ్రాసింది. ప్రతి అంతస్తుకు వేడి నీళ్లు గొట్టము ద్వారా రావాలి. రోగుల భోజనము పైకి చేర్చుటకు లిఫ్టు ఉండాలి. రోగి గంట కొడితే ఎవరు కొట్టారో నర్సుకు కనబడే ఏర్పాటు ఉండాలి. లేకపోతే నర్సు అంటే రెండు కాళ్లే, మెట్లు ఎక్కి దిగుటకే ఆమె రోజంతా సరిపోతుంది అన్నది ఆమె వాదన. నర్సు కాళ్లకు మిగిలిన సమయమే రోగికి దక్కుతుందని ఆమె లెక్క.

మరొక షరతు ఇంకా పెద్దది. ఇంగ్లాండు సంఘమునకు చెందిన రోగులనే చేర్చుకుంటామని కమిటీ వారు పట్టుపట్టారు. కాథలిక్కులు, యూదులు, ఎవరు రోగముతో వచ్చినా తీసుకోవాలి, లేకుంటే నేను ఉండనని ఆమె ఖచ్చితముగా చెప్పింది. కమిటీ దిగివచ్చింది. రోగిని రోగిగా చూసే చోటే పనిచేస్తాను అన్న నిర్ణయము అది.

సంవత్సరము తిరిగేసరికి ఆసుపత్రి ఒక క్రమములో పడింది. కాని నర్సులను తయారుచేయుటకు ఆ చోటు చాలదని ఆమెకు తెలిసిపోయింది. అందుచేత లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో నర్సుల పర్యవేక్షకురాలి ఉద్యోగము గురించి మాటలు మొదలైనవి. పని నేర్పే చోటుకు, పని పెరిగే చోటుకు మారుట తప్పు కాదని ఆమె జీవితము చెబుతున్నది. ఇంతలో యుద్ధము వచ్చింది.

స్కుటారి – గొప్ప నర్సు, చెడ్డ ఆసుపత్రి

1854లో క్రిమియా యుద్ధములో గాయపడిన ఇంగ్లీషు సిపాయిలు సరైన చికిత్స లేక చనిపోతున్నారని పత్రికలలో వచ్చింది. యుద్ధ మంత్రి సిడ్నీ హెర్బర్టు ఆమెను వెళ్లమని కోరాడు. 38 మంది నర్సులతో అక్టోబరు 21న బయలుదేరి, నవంబరు 4న టర్కీలోని స్కుటారి చేరింది. సిపాయిల బారకాసునే అక్కడ పెద్ద ఆసుపత్రిగా మార్చి ఉంచారు.

వైద్యులు మొదట ఈ స్త్రీలను దగ్గరకు రానివ్వలేదు. ఆమె తొందరపడలేదు. వైద్యులు పిలిచేవరకు ఎవరూ రోగిని ముట్టకూడదని తన నర్సులకు ఆజ్ఞ ఇచ్చింది. కొద్ది రోజులలోనే గాయపడిన వారు వందలుగా వచ్చిపడ్డారు. వైద్యులే పిలిచారు. ఆమె దుప్పట్లు, చొక్కాలు, పాత్రలు కొన్నది, వంటశాల సరిచేయించింది, బట్టలు ఉతికించింది, రాత్రిళ్లు దీపముతో తిరిగింది.

అయినా చావులు తగ్గలేదు. ఆ మొదటి చలికాలములో స్కుటారిలో నాలుగు వేలకు పైగా సిపాయిలు చనిపోయారు. గాయాలతో చనిపోయిన వారు కొద్దిమంది, విరేచనాలు, జ్వరాలు, కలరాతో చనిపోయిన వారే ఎక్కువ. 1855 ఫిబ్రవరిలో చేర్చుకున్న రోగులలో నూటికి 42 మంది మరణించారు. లోకము పొగిడిన ఆ నర్సు అక్కడ ఉండగానే ఇది జరిగింది.

మార్చి నెలలో ప్రభుత్వము ఒక పారిశుద్ధ్య సంఘాన్ని పంపింది. డాక్టరు సదర్లాండు, ఇంజనీరు రాలిన్సన్ అందులో ముఖ్యులు. బారకాసు కింద మురుగు కాలువలు పూడి దుర్గంధము గదులలోకి వస్తున్నది. తాగే నీరు వచ్చే కాలువలో చచ్చిన గుర్రము ఉన్నది. వారు కాలువలు కడిగించారు, గోడలకు సున్నము వేయించారు, గాలి ఆడేటట్లు చేశారు. జూను నాటికి చావులు నూటికి రెండింటి దగ్గరకు పడిపోయినవి.

తిండి, బట్ట సమయానికి అందక సిపాయిలు చనిపోయారని ఫ్లారెన్స్ యుద్ధము ముగిసేవరకు నమ్మింది. ఇంగ్లాండుకు తిరిగివచ్చి, గణాంక శాస్త్రవేత్త విలియం ఫారుతో కలిసి లెక్కలు వేసినప్పుడు నిజము బయటపడింది. యుద్ధభూమి కంటె ఆసుపత్రి భవనమే ఎక్కువమందిని చంపింది. ఆ నిజాన్ని ఆమె దాచలేదు. తన పేరుకు మచ్చ వస్తుందని వెనుకాడలేదు. రంగుల పటాలు గీయించి రాణికి, మంత్రులకు, పార్లమెంటు వారికి చూపించింది. 1858లో లండను గణాంక సంఘము ఆమెను తమ మొదటి స్త్రీ సభ్యురాలిగా చేర్చుకుంది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఆమె జీవితములో మన పిల్లలకు అన్నిటికంటె అవసరమైన పాఠము ఇదే. ఎంత ప్రేమగల నర్సు అయినా, ఎంత కష్టపడినా, నీరు, గాలి, శుభ్రత, సరిపడు మనుషులు లేని ఆసుపత్రిలో రోగిని కాపాడలేదు. ఆసుపత్రి బాగుంటేనే నర్సు చేయి బాగుంటుంది.

ఉద్యోగపు కాగితము

క్రిమియాలో ఆమెకు మరొక ఇబ్బంది కూడ వచ్చింది. టర్కీలోని ఆసుపత్రులలో స్త్రీ నర్సుల పర్యవేక్షకురాలు అని ఆమె ఉత్తర్వులో వ్రాసి ఉన్నది. యుద్ధము జరిగే క్రిమియా మాత్రము టర్కీ కాదు. ఆమె అక్కడి ఆసుపత్రులకు వెళ్లగానే, ఇక్కడ నీకు అధికారము లేదని పెద్ద సైనిక వైద్యుడు అడ్డుపడ్డాడు. ఒక్క మాట చేసిన గొడవ నెలల తరబడి సాగింది. 1856 మార్చిలో ప్రభుత్వము స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చేదాకా అది తీరలేదు. అప్పటికి యుద్ధమే ముగింపుకు వచ్చింది. పని ఏమిటి, ఎక్కడ, ఎవరి కింద అన్నది కాగితము మీద సరిగా లేకపోతే ఎంతటివారికైనా తిప్పలు తప్పవు.

బళ్లారి సీమ – ఆమె లెక్కలు

క్రిమియాలో పట్టుకున్న జ్వరము ఆమెను జీవితమంతా పీడించింది. ఎన్నో ఏండ్లు మంచము మీద నుండే పనిచేసింది. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల పెట్టించింది. ఆ ఆసుపత్రినే ఎంచుకొనుటకు ముఖ్య కారణము అక్కడి మేట్రను శ్రీమతి వార్డ్రోపరు. మంచి మేట్రను లేని చోట నర్సు తయారుకాదని ఆమె నమ్మకము. కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో తన నిధితో మంత్రసానుల కొరకు నడిచిన వార్డులో బాలింత జ్వరముతో తల్లులు చనిపోతున్నారని లెక్కలలో తేలగా, 1867లో ఆ వార్డు మూతపడింది.

ఇండియాకు ఆమె ఎన్నడూ రాలేదు. అయినా 1859లో ఇక్కడి సైన్యపు ఆరోగ్యము మీద ప్రభుత్వము వేసిన విచారణ సంఘము కొరకు, కంటోన్మెంట్లన్నిటికీ ప్రశ్నావళి పంపించి సమాధానాలు తెప్పించి చదివింది. మద్రాసు రాజధానిలో బళ్లారి అప్పుడు ముఖ్యమైన కంటోన్మెంటు. ఇండియాలోని ఇంగ్లీషు సిపాయిలలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని, కారణము ఎండ కాదు, మురుగు నీరు, ఇరుకు బారకాసులు అని 1863లో తేల్చి చెప్పింది. 1876–78 కరువులో మద్రాసు రాజధాని అల్లాడింది. అందులో బళ్లారి జిల్లా అతి ఘోరముగా దెబ్బతిన్నది. అనంతపురము సీమ కూడ అప్పుడు ఈ జిల్లాలోనిదే. ఆ కరువును గురించి ఆమె ఇంగ్లాండు పత్రికలకు వ్రాసింది. మన గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ వాదనను బలపరచి, రైతుకు నీళ్లు ఇవ్వండి అని పోరాడింది.

1907లో ఇంగ్లాండు రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే బిరుదును మొట్టమొదటిసారి ఒక స్త్రీకి, అంటే ఆమెకు, ఇచ్చాడు. 1910 ఆగస్టు 13న, 90 ఏండ్ల వయస్సులో లండనులో కన్నుమూసింది. రాజుల సమాధుల మధ్య పాతిపెడతామంటే బంధువులు ఆమె కోరిక ప్రకారము వద్దన్నారు. సొంత ఊరి చర్చి ఆవరణలో సమాధి చేశారు.

మన పిల్లలు అడగవలసినవి

ఆమె కాలములో ఐ.సి.యు. అనే మాట లేదు. శస్త్రచికిత్స గది పక్కనే చిన్న గది ఉంచి, తెలివి వచ్చి కోలుకునేవరకు రోగిని అందులో ఉంచే పద్ధతిని గురించి 1863 నాటి తన ఆసుపత్రుల గ్రంథములో వ్రాసింది. 1952లో డెన్మార్కులోని కోపెన్‌హాగెన్‌లో పోలియో వ్యాపించినప్పుడు, వైద్య విద్యార్థులు వంతులవారీగా చేతితో రబ్బరు సంచి నొక్కి రోగులకు ఊపిరి అందించారు. ఆ అనుభవముతోనే డాక్టరు ఇబ్సెన్ మరుసటి సంవత్సరము మొదటి ఐ.సి.యు. పెట్టాడు. ఒక్కొక్క రోగి పక్కన ఒక్కొక్క మనిషి. ఐ.సి.యు. పుట్టుకే అది.

అందుచేత కొత్త ఊరికి వెళ్లేముందు, ఫ్లారెన్స్ కమిటీకి ఉత్తరము వ్రాసినట్లే, మీరు కూడ నోరు తెరచి అడగండి. వీలైతే ఒకసారి వెళ్లి వార్డు చూడండి. అక్కడ పనిచేసే మన పిల్ల ఎవరైనా ఉంటే, అక్కా, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు అని అడగండి. వెంటిలేటరు మీద ఉన్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది అంగీకరించిన కొలత. పగలు ఆ లెక్క చూపి, రాత్రి ఒకరికి మూడు నాలుగు మంచాలు అప్పజెప్పే చోటు అయితే జీతము ఎంతైనా ఆలోచించండి.

మంచము మంచానికి చేతులు కడుగుకొనే వీలు ఉన్నదా? ఆసుపత్రిలో అంటుకునే ఇన్‌ఫెక్షన్ల లెక్క వ్రాస్తున్నారా? కొత్తగా చేరినవారిని మొదటి వారాలు పెద్ద నర్సు పక్కన ఉంచి నేర్పుతారా? లేక మొదటి రాత్రే ఒంటరిగా వదిలేస్తారా? ఇన్‌ఛార్జి సిస్టరు ఎంతకాలముగా ఉన్నది? పెద్దవారు నిలవని వార్డులో చిన్నవారు నేర్చుకొనేది తక్కువ.

కరెంటు సంగతి తప్పక అడగండి. 2022 సెప్టెంబరులో బళ్లారి ప్రభుత్వ విమ్స్ ఆసుపత్రిలో కరెంటు పోయిన సమయములో ఐ.సి.యు.లోని రోగులు మరణించారు. కరెంటు పోవడమే కారణమని బంధువులు అన్నారు, ప్రభుత్వ పెద్దలు కాదన్నారు, విచారణ సంఘము వేశారు. కారణము ఏదైనా, ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సుల స్థితి ఊహించుకోండి. జనరేటరు ఎన్ని క్షణాలలో అందుకుంటుంది, వెంటిలేటరుకు బ్యాటరీ ఉన్నదా, ఆక్సిజను ఎక్కడ నుండి వస్తుంది అని అడుగుట నర్సు హక్కు.

చివరిగా కాగితాలు. 1953లో మన జిల్లాను రెండుగా చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు ఇచ్చినప్పటి నుండి ఇటు చదివి అటు పనిచేయుట మనకు మామూలే. కాని నర్సింగు కౌన్సిలు రిజిస్ట్రేషను రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. రాజీనామా చేయకముందే కొత్త రాష్ట్రపు కౌన్సిలులో ఆ పని మొదలుపెట్టాలి. ఉద్యోగపు ఉత్తర్వులో ఏ వార్డు, ఎన్ని గంటలు, ఎవరి కింద అన్నది వ్రాసి ఉన్నదో లేదో చదవాలి. ఇన్నేళ్లు వదలకూడదని బాండు అడిగినా, అసలు సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామన్నా, సంతకము చేయకముందు ఇంట్లో పెద్దలతో, సంఘములో తెలిసినవారితో మాట్లాడండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇన్ని ప్రశ్నలు అడిగితే ఉద్యోగము పోతుందేమోనని పిల్లను వారించకండి. ప్రశ్నలకు కోపపడే ఆసుపత్రి రేపు కష్ట సమయములో ఆ పిల్ల పక్షాన నిలుస్తుందా? జీతము లేని ఉద్యోగానికి కూడ షరతులు పెట్టిన స్త్రీనే లోకము నర్సులందరికీ తల్లి అని గౌరవిస్తున్నది. ఆమె అడిగిన వేడి నీళ్లు, లిఫ్టు, గంట తన సుఖము కొరకు అడిగినవి కావు. మంచము మీద ఉన్న మనిషి కొరకు అడిగినవి. మన పిల్లలు కూడ ఆ మనిషి కొరకే అడుగుదురు గాక.